పెరుగుదల శాతం: తిప్పలన్నీ హారం దగ్గరే

ఒక గ్రంథాలయంలో పోయిన ఏడాది 640 మంది సభ్యులు ఉన్నారు. ఈ ఏడాది ఆ సంఖ్య 800కు చేరింది. సభ్యుల సంఖ్య ఎంత శాతం పెరిగింది?

లెక్క ఇంతే. రెండు ముక్కల సమాచారం, ఒక ప్రశ్న. అయినా దీన్ని ఒక తరగతి మొత్తానికి ఇచ్చి చూస్తే ఒక్క జవాబు రాదు. కొందరు 25 అంటారు, కొందరు 20 అంటారు, కొందరు 125 అని రాసి కింద గీత కూడా కొడతారు. 160 దగ్గర ఆగిపోయేవాళ్ళూ ఉంటారు. వీటిలో ఏదీ గాల్లోంచి ఊడిపడింది కాదు. ప్రతిదాని వెనకా తప్పులేని తీసివేతో, తప్పులేని భాగహారమో ఉంది. ఎక్కాలు రాక పొరపాటు చేసిన లెక్కలు కావివి. దేన్ని దేనితో పోల్చాలన్న చోటే దారి తప్పింది.

ఒక్కొక్కటే విడదీసి చూద్దాం. 800లోంచి 640 తీసేస్తే 160. ఇది పెరిగిన మనుషుల సంఖ్య, ఇంకా శాతం కాలేదు. ఈ 160ని 800తో భాగించి వందతో గుణిస్తే 20. అదే 160ని 640తో భాగించి వందతో గుణిస్తే 25. తీసివేత జోలికే పోకుండా 800ని నేరుగా 640తో భాగిస్తే 125. సరైన జవాబు 25.

మిగతా మూడూ తప్పులని కొట్టేసి ముందుకు పోతే అసలు పాఠం చేజారుతుంది. ఆ మూడూ వేరే ప్రశ్నలకు సరైన జవాబులు. 'ఎంతమంది పెరిగారు?' అని అడిగితే 160 సరైనదే. 'ఇప్పుడున్న సంఖ్య పోయిన ఏడాది సంఖ్యలో ఎంత శాతం?' అని అడిగితే 125 సరైనదే. 'పెరిగినవాళ్ళు ఇప్పటి మొత్తంలో ఎంత శాతం?' అంటే 20 కరెక్ట్. విద్యార్థి లెక్క తప్పు చేయలేదు, అడగని ప్రశ్నకు జవాబు చెప్పాడు. నాలుగు ఆప్షన్లు ఇచ్చే పరీక్షల్లో ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఆ నాలుగు గడుల్లో తరచుగా ఇలాంటి సంఖ్యలే కనిపిస్తాయి. తన జవాబు ఆప్షన్లలో కనపడగానే సరైనదే అన్న ధీమా వస్తుంది. ఆ ధీమా చాలాసార్లు మోసం చేస్తుంది.

'నూటికి' అన్న మాటలోనే ఉంది

శాతం అంటే నూటికి ఇంత అని అర్థం. ఈ 'నూటికి' అన్న మాటను కాస్త ఆగి చూస్తే సూత్రం బట్టీ పట్టాల్సిన అవసరమే ఉండదు. అందులో ఒక ఊహ దాగి ఉంది. గ్రంథాలయంలో మొదట 640 మంది కాకుండా సరిగ్గా నూరుమందే ఉండి, ఇదే నిష్పత్తిలో పెరిగి ఉంటే ఎంతమంది పెరిగేవారు? 640కి 160 పెరిగితే నూటికి ఎంత?

ఇలా అడిగితే ఇది పాత త్రైరాశికమే. 5వ శతాబ్దం చివర్లో ఆర్యభటుడు చెప్పిన పద్ధతిలో మూడు రాశులుంటాయి: ప్రమాణం, ఫలం, ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించాలి. ఇక్కడ 640 ప్రమాణం, 160 ఫలం, తెలుసుకోవాలనుకున్న నూరు ఇచ్ఛ. 160 × 100 ÷ 640 = 25. బడిలో నేర్పే సూత్రం కూడా ఇదే: కొత్త విలువలోంచి పాత విలువ తీసేసి, వచ్చినదాన్ని పాత విలువతో భాగించి, వందతో గుణించాలి. (% అనే గుర్తు ఇటలీ వర్తకుల రాతల్లోంచి వచ్చింది. 'పెర్ చెంటో', అంటే నూటికి, అనే మాటను కుదించి రాస్తూ రాస్తూ ఉండగా అది చివరికి రెండు సున్నాలు, మధ్యన గీతగా మిగిలింది.)

పాత విలువతోనే ఎందుకు భాగించాలి? కొత్త విలువతో భాగిస్తే ఏం పోతుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలియనివాళ్ళే పరీక్షలో టెన్షన్ పడి హారం తారుమారు చేస్తారు. కొత్త విలువ అయిన 800లో ఆ పెరిగిన 160 కూడా కలిసే ఉంది. పెరుగుదలను పెరుగుదల కలిసిన మొత్తంతో పోలిస్తే అది ఎంత పెద్దదో తేలదు. ఒక విపరీతమైన ఉదాహరణ వేసి చూస్తే ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. ఒకటి ఉన్నది వెయ్యి అయిందనుకుందాం. పెరిగింది 999. కొత్త విలువతో భాగిస్తే 99.9 శాతం వస్తుంది. ఒకటి ఉన్నది పదిలక్షలైనా ఆ పద్ధతిలో నూరు శాతం దాటదు. ఉన్నది వెయ్యింతలైతే 'పెరుగుదల నూరు శాతం లోపే' అని చెప్పే కొలమానం ఎవరికీ పనికిరాదు. పాత విలువతో భాగిస్తే 99,900 శాతం వస్తుంది. చూడ్డానికి వింతగా ఉన్నా జరిగింది అదే.

జవాబు వచ్చాక దాన్ని తిరిగి లెక్కలోకి పంపి చూసుకోవడం అర నిమిషం పని. 640లో 20 శాతం 128. కలిపితే 768 వచ్చింది, 800 రాలేదు. కాబట్టి 20 కాదు. 640లో 25 శాతం 160. కలిపితే 800. నోటితో చేయాలన్నా కష్టం కాదు: 640లో పది శాతం 64, ఇరవై శాతం 128, ఐదు శాతం 32. 128, 32 కలిస్తే 160.

లెక్కలో కన్నా వాక్యంలోనే చిక్కు

పద సమస్యలన్నీ ఇంత సూటిగా ఉండవు. పాతది ఏదో, కొత్తది ఏదో చెప్పకుండా రెండు వస్తువులను పోల్చమంటారు. అప్పుడు 'పాత విలువ' అన్న మాటకు అర్థమే ఉండదు. ఇలాంటి చోట తెలుగు వాక్యం చాలా సాయం చేస్తుంది, చూసే అలవాటు ఉంటే.

'రెండో తొట్టిలో మొదటి తొట్టి కంటే 25 శాతం ఎక్కువ నీళ్ళు పడతాయి. అయితే మొదటి తొట్టిలో రెండో తొట్టి కంటే ఎంత శాతం తక్కువ పడతాయి?' చదవగానే నోట్లోకి వచ్చే జవాబు 25. ఇటు నుంచి అంత ఎక్కువైతే అటు నుంచి అంతే తక్కువ కావాలి కదా అనిపిస్తుంది. కానీ 'కంటే' అన్న మాట ఎవరి పక్కన ఉందో చూడాలి. మొదటి వాక్యంలో అది మొదటి తొట్టి పక్కన ఉంది. కాబట్టి మొదటి తొట్టి నూరు లీటర్లు, రెండోది 125. ప్రశ్నకు వచ్చేసరికి 'కంటే' రెండో తొట్టి పక్కకు జరిగింది. ఇప్పుడు హారంలో 125 రావాలి. తేడా అదే 25 లీటర్లు. 25ని 125తో భాగిస్తే ఐదో వంతు, అంటే 20 శాతం.

'కంటే' తగిలిన మాట హారం అవుతుందన్న ఈ ఒక్క గమనింపు చాలా లెక్కలను దాటిస్తుంది. 'తో పోలిస్తే', 'మీద', 'నుంచి' కూడా ఇదే పని చేస్తాయి. పోయిన ఏడాదితో పోలిస్తే అన్నా, 640 మీద అన్నా, 640 నుంచి 800కు అన్నా ఆ మాటకు ముందు వచ్చే సంఖ్యే హారంగా కింద రాయాలి. ఏ ప్రత్యయమూ లేకుండా 'అప్పుడింత, ఇప్పుడింత' అని మాత్రమే చెబితే కాలంలో ముందున్నదే హారం. ఈ ఒక్క మాట కింద పెన్సిల్‌తో గీత గీసుకుని ఆ తర్వాత లెక్క మొదలుపెట్టే విద్యార్థి, సూత్రం కంఠతా వచ్చిన విద్యార్థి కంటే తక్కువ తప్పులు చేస్తాడు.

ఇక 'శాతం', 'శాతానికి' అన్న రెండింటి మధ్య తేడా. '20 శాతం పెరిగింది' అంటే పెరిగిన మేర 20 శాతం. '20 శాతానికి పెరిగింది' అంటే పెరిగి పెరిగి చేరిన చోటు 20 శాతం. ఒక్క 'కి' తేడాతో లెక్క మొత్తం మారిపోతుంది. ఒక పరీక్షలో ఉత్తీర్ణత 40 శాతం నుంచి 50 శాతానికి పెరిగిందనుకుందాం. పెరుగుదల పది శాతమా? 40 మీద పది పెరిగింది కాబట్టి పెరుగుదల 25 శాతం. ఆ పదిని 'పది శాతం పాయింట్లు' అనాలి. శాతాల మధ్య తేడా శాతం కాదు. ఉత్తీర్ణత పది శాతమే పెరిగి ఉంటే 40లో పది శాతం, అంటే నాలుగు కలిసి 44 అయ్యేది. వార్తల్లో ఈ రెండూ కలిసిపోవడం తరచూ కనిపిస్తుంది. వడ్డీ రేటు 8 నుంచి 10కి పోతే '2 శాతం పెరిగింది' అని రాస్తారు. పెరిగింది 2 శాతం పాయింట్లు. శాతంలో చెబితే అది 25 శాతం పెరుగుదల. అప్పు తీసుకున్నవాడు కట్టే తొలి ఏడాది వడ్డీ నాలుగో వంతు పెరిగిందన్న సంగతి ఆ '2' వెనక కనపడకుండా పోతుంది.

రెట్ల దగ్గరా ఇదే ఇబ్బంది. రెట్టింపు అయిందంటే పెరుగుదల 100 శాతం. ఒకటిన్నర రెట్లయితే 50 శాతం. మూడు రెట్లయితే 200 శాతం, 300 కాదు. ఎందుకంటే ఆ మూడింటిలో ఒకటి ముందునుంచీ ఉన్నదే. 'మూడు రెట్లు అయింది' అన్న వాక్యం స్పష్టంగా ఉంది. 'మూడు రెట్లు పెరిగింది' అంటే మాత్రం కొందరు మూడింతలైందని, కొందరు ఉన్నదానికి మూడింతలు వచ్చి కలిసిందని అనుకుంటారు. లెక్క రాసేవాళ్ళు 'పెరిగింది' బదులు 'అయింది' అని రాస్తే పిల్లలకు ఎంతో మేలు.

పెంచడమంటే గుణించడం

ఇంతవరకూ వచ్చిన పద్ధతి ఒక మార్పుకే సరిపోతుంది. రెండు మూడు మార్పులు వరసగా వచ్చినా, వెనక్కి లెక్క కట్టాల్సి వచ్చినా ఒక చిన్న మార్పు చేసుకోవాలి. 25 శాతం పెరగడాన్ని 'పావు వంతు కలపడం' అని కాకుండా '1.25తో గుణించడం' అని చూడాలి. 20 శాతం తగ్గడమంటే 0.8తో గుణించడం. ఇలా చూడటం అలవాటైతే కష్టమైన లెక్కలనుకున్నవి చాలా వరకు ఒక గుణకారమో, ఒక భాగహారమో అయిపోతాయి.

వెనక్కి వెళ్ళే లెక్క ఒకటి. 'సభ్యుల సంఖ్య 25 శాతం పెరిగి 1,500 అయింది. అంతకుముందు ఎంత?' ఎక్కువమంది చేసే పని: 1,500లో 25 శాతం 375. తీసేస్తే 1,125. సరిచూస్తే తేలిపోతుంది. 1,125లో పావు వంతు 281.25. మనుషుల లెక్కలో పావు వంతు మనిషి రావడమే ఒక హెచ్చరిక. కలిపితే 1,406.25. ఎక్కడా 1,500 దరిదాపుల్లో లేదు. ఆ 25 శాతం 1,500 మీద లెక్కకట్టింది కాదు, తెలియని పాత సంఖ్య మీద లెక్కకట్టింది. దాన్ని 1.25తో గుణిస్తే 1,500 వచ్చింది, కాబట్టి 1,500ను 1.25తో భాగించాలి. జవాబు 1,200.

మన గ్రంథాలయం దగ్గరికే మళ్ళీ వద్దాం. ఒక ఏడాది 25 శాతం పెరిగి 800 అయింది. మరుసటి ఏడాది కూడా 25 శాతం పెరిగితే? 800 మీద పావు వంతు, అంటే 200 కలిసి 1,000. రెండేళ్ళలో మొత్తం పెరుగుదల ఎంత? 25, 25 కలిపి 50 అంటే కుదరదు. 640 నుంచి 1,000 అంటే పెరిగింది 360. 640తో భాగిస్తే 56.25 శాతం. అదనంగా వచ్చిన ఆ 6.25 ఎక్కడిది? మొదటి ఏడాది కొత్తగా చేరిన 160 మీద రెండో ఏడాది వచ్చిన పెరుగుదల 40. ఆ 40 మందే 640లో 6.25 శాతం. పెరుగుదల మీద పెరుగుదల అన్నమాట. చక్రవడ్డీని బారువడ్డీ నుంచి వేరుచేసేది సరిగ్గా ఇదే.

దీన్ని కళ్ళారా చూడాలంటే ఒక గళ్ళ కాగితం చాలు. దాని మీద పది గళ్ళ పొడవు, పది గళ్ళ వెడల్పుతో ఒక చతురస్రం గీయాలి. లోపల నూరు గళ్ళు ఉంటాయి. ఇప్పుడు భుజాన్ని పది శాతం పెంచాలి, అంటే కుడివైపు ఒక గడి, పైవైపు ఒక గడి. కుడివైపు నిలువుగా పది గళ్ళ పట్టీ చేరింది. పైన అడ్డంగా పది గళ్ళ పట్టీ చేరింది. ఇక్కడితో ఆగితే బొమ్మ చతురస్రం కాదు. పై కుడి మూలలో ఒక గడి ఖాళీగా పళ్ళికిలించినట్టు కనిపిస్తుంది. దాన్నీ పూడిస్తేనే పదకొండు పదకొండ్లు 121 అవుతాయి. వైశాల్యం పెరిగింది 21 శాతం. రెండు పట్టీలు పది, పది, మూలగడి ఒకటి. 'పొడవు పది, వెడల్పు పది, మొత్తం ఇరవై' అన్నవాళ్ళు ఆ మూలగడిని వదిలేశారు. రెండేళ్ళ గ్రంథాలయం లెక్కలో 6.25 శాతంగా కనిపించింది కూడా ఇలాంటి మూల ముక్కే.

ఈ బొమ్మ అర్థమైనవాళ్ళకు వృత్తం లెక్క వేరుగా నేర్పక్కర్లేదు. వ్యాసార్థం పది శాతం పెరిగితే వైశాల్యం 21 శాతమే పెరుగుతుంది. π (పై) విలువ పాత వైశాల్యంలోనూ కొత్త వైశాల్యంలోనూ ఉంది కాబట్టి పోలికలో ఎగిరిపోతుంది. ఘనంలో మూడో దిక్కు కూడా కలుస్తుంది. 1.1 × 1.1 × 1.1 = 1.331. భుజం పది శాతం పెరిగితే ఘనపరిమాణం 33.1 శాతం పెరుగుతుంది. ఇలాంటి లెక్కల్లో అసలు కొలత ఇవ్వకపోయినా కంగారు పడనవసరం లేదు. భుజం ఎంతైనా గుణకం ఒకటే. సులువుగా ఉండాలంటే పది అనుకుని మొదలుపెట్టొచ్చు.

ఎక్కినంత దిగితే

20 శాతం పెరిగి, తర్వాత 20 శాతం తగ్గితే మళ్ళీ మొదటికే వస్తామన్న నమ్మకం చాలా బలంగా ఉంటుంది. నూరు 120 అవుతుంది. 120లో 20 శాతం 24. తీసేస్తే 96. నాలుగు శాతం తగ్గింది. గుణకాల్లో 1.2 × 0.8 = 0.96. ముందు తగ్గి తర్వాత పెరిగినా ఇదే జవాబు, ఎందుకంటే గుణకారంలో వరస మారినా లబ్ధం మారదు. దీర్ఘచతురస్రం పొడవు 20 శాతం పెంచి వెడల్పు 20 శాతం తగ్గిస్తే వైశాల్యం ఏమవుతుందన్న ప్రశ్నా ఇదే లెక్క. శాతం పెరిగేకొద్దీ నష్టం జోరందుకుంటుంది: 50 శాతం పెరిగి 50 శాతం తగ్గితే నూరు 75 అవుతుంది. నూరు శాతం పెరిగి నూరు శాతం తగ్గితే మిగిలేది సున్నా.

మరి మొదటికి రావాలంటే ఎంత తగ్గాలి? ఇక్కడ శాతాలు పక్కన పెట్టి భిన్నాల్లో ఆలోచిస్తే అందమైన వరస ఒకటి బయటపడుతుంది. 25 శాతం అంటే పావు వంతు, అంటే ఉన్న నాలుగు భాగాలకు ఒక భాగం వచ్చి చేరింది. ఇప్పుడు భాగాలు ఐదు. చేరిన ఆ ఒక్కటి తీసేయాలంటే ఐదింటిలో ఒకటి తీయాలి. కాబట్టి ఐదో వంతు, 20 శాతం. గ్రంథాలయం 640 నుంచి 800కు పోవడం 25 శాతం పెరుగుదల. 800 నుంచి 640కి రావడం 20 శాతం తగ్గుదల. మొదట్లో తప్పు జవాబుగా వచ్చిన 20 ఇక్కడ సరైన చోట కూర్చుంది. ఇదే తీరున సగం పెరిగితే మూడో వంతు తగ్గాలి. ఐదో వంతు పెరిగితే ఆరో వంతు. పదో వంతు పెరిగితే పదకొండో వంతు. కింద సంఖ్యకు ఒకటి కలుపుకుంటూ పోవడమే. ఒక వస్తువు ధర 25 శాతం పెరిగింది, ఖర్చు పెరగకుండా ఉండాలంటే వాడకం ఎంత శాతం తగ్గించుకోవాలి అని పోటీ పరీక్షల్లో అడిగే ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు ఉంది.

కొన్ని లెక్కల్లో మొత్తం ఇచ్చి సగటు పెరుగుదల అడుగుతారు. రెండేళ్ళలో 44 శాతం పెరిగితే ఏడాదికి 22 కాదు. 1.44 ఏ సంఖ్యకు వర్గమో చూడాలి, అది 1.2, కాబట్టి ఏడాదికి 20 శాతం. అలాగే ఏటా పది శాతం పెరిగేది రెట్టింపు కావడానికి పదేళ్ళు పట్టదు. ఏడేళ్ళకు నూరు సుమారు 195 అవుతుంది, ఎనిమిదో ఏట 200 దాటుతుంది. 72ను రేటుతో భాగిస్తే రెట్టింపయ్యే కాలం దాదాపుగా వస్తుందన్న చిట్కా చిన్న రేట్లకు బాగానే పనిచేస్తుంది. ఇక్కడ అది 7.2 ఏళ్ళు అంటుంది, కచ్చితమైన లెక్క దాదాపు 7.3.

హారం కదిలిపోయే చోట్లు

ఇప్పటివరకూ హారం ఏదో తేల్చుకుంటే చాలు, అది ఉన్నచోటే ఉంటుంది. ద్రావణాల లెక్కల్లో అదీ కదులుతుంది. 200 గ్రాముల ఉప్పునీటిలో పది శాతం ఉప్పు ఉంది. దాన్ని 20 శాతం చేయాలంటే ఇంకెంత ఉప్పు కలపాలి? ఉన్న ఉప్పు 20 గ్రాములు. శాతం రెట్టింపు కావాలి కాబట్టి ఉప్పూ రెట్టింపు చేస్తే సరి, ఇంకో 20 గ్రాములు కలుపుదాం అనిపిస్తుంది. కలిపి చూస్తే ఉప్పు 40 గ్రాములు, కానీ మొత్తం ద్రావణం 220 గ్రాములు. 40ని 220తో భాగిస్తే 18 శాతం చిల్లర. ఉప్పు పైన కలిసినప్పుడే కింద మొత్తంలోనూ కలిసింది.

ఇలాంటి చోట కదలనిదాన్ని పట్టుకోవాలి. ఇందులో కదలనిది నీళ్ళు: 180 గ్రాములు. ఉప్పు 20 శాతం కావాలంటే నీళ్ళు 80 శాతం కావాలి. 180 గ్రాములు 80 శాతమైతే మొత్తం 225. అంటే 25 గ్రాముల ఉప్పు కలపాలి. సరిచూస్తే ఉప్పు 45, మొత్తం 225, సరిగ్గా ఐదో వంతు. బీజగణితంలో సమీకరణం వేసినా ఇదే వస్తుంది, కానీ నీళ్ళను పట్టుకున్నవాళ్ళకు సమీకరణం అవసరం పడలేదు.

శాతాలను సగటు చేయడంలోనూ ఇదే గొడవ. ఒక బృందంలో 20 మంది 30 అయ్యారు, పెరుగుదల 50 శాతం. ఇంకో బృందంలో 200 మంది 220 అయ్యారు, పెరుగుదల 10 శాతం. రెండూ కలిపి సగటున 30 శాతం పెరిగాయనకూడదు. మొత్తం 220 మంది 250 అయ్యారు. పెరిగింది 30 మంది, శాతంలో దాదాపు 13.6. హారాలు వేరైన శాతాలను నేరుగా కలిపితే చిన్న బృందానికీ పెద్ద బృందానికీ ఒకే తూకం ఇచ్చినట్టవుతుంది. అందుకే ముందు అసలు సంఖ్యలు కలుపుకుని, ఆ తర్వాతే శాతం కట్టాలి.

అసలు శాతం అడగకూడని చోట్లు కూడా ఉన్నాయి. నిన్న 10 డిగ్రీల సెల్సియస్, ఇవాళ 20 డిగ్రీలు. వేడి నూరు శాతం పెరిగిందా? ఇవే రెండు ఉష్ణోగ్రతలు ఫారెన్‌హీట్‌లో 50, 68. ఆ లెక్కన 36 శాతం. కెల్విన్‌లో 283.15, 293.15. ఆ లెక్కన మూడున్నర శాతం. వాతావరణం ఒక్కటే, జవాబులు మూడు. సెల్సియస్‌లో సున్నా అంటే వేడి అసలే లేదని కాదు, నీరు గడ్డకట్టే చోటును సున్నాగా ఎంచుకున్నారు, అంతే. కొలత మొదలయ్యే చోటు మనుషులు పెట్టుకున్నదైనప్పుడు దాని మీద కట్టిన శాతానికి నిలకడ ఉండదు. 'పది డిగ్రీలు పెరిగింది' అంటే చాలు. తొలి విలువ రుణసంఖ్య అయినప్పుడూ అంతే. 20 నష్టంలో ఉన్న సంస్థ 10 లాభంలోకి వస్తే సూత్రం ప్రకారం మైనస్ 150 శాతం వస్తుంది. బాగుపడిన సంస్థ దివాలా తీస్తున్నట్టు కనిపిస్తుంది. తీసివేత, భాగహారం రెండూ సరిగ్గానే చేసినా ఆ జవాబుకు అర్థం లేదు.

చివరిది సున్నా. తొలి విలువ సున్నా అయితే కింద రాసే సంఖ్యే లేదు. సున్నా హారంగా ఉన్న రాశిని 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు 'ఖహరం' అన్నాడు. దానికి ఎంత కలిపినా, దానిలోంచి ఎంత తీసినా మార్పు ఉండదన్నాడు. నేటి గణితం సున్నాతో భాగించడాన్ని నిర్వచించకుండా వదిలేస్తుంది. కాబట్టి గ్రంథాలయం తెరిచిన మొదటి ఏడాదికి పెరుగుదల శాతం అంటూ ఏదీ ఉండదు. తెరిచిన రోజు సున్నా, ఏడాది చివరికి 640. పట్టికలో సభ్యుల గడిలో 640 అని రాయాలి, శాతం గడిలో అడ్డగీత పెట్టాలి. మొదటి శాతం రాయడం వీలయ్యేది ఆ మరుసటి ఏడాది, ఆ 640 హారంలో చేరాకే.